చుండూరు లేని జాబితా

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎస్సీలను వర్గీకరించే అధికారం రాష్ట్రాలకు ఉందని తేల్చింది. ఆరుగురు ఒకవైపు, జస్టిస్ బేలా త్రివేది ఒక్కరే మరోవైపు. సరిగ్గా ఐదు రోజులకు, ఆగస్టు 6న, చుండూరు మారణకాండకు 33 ఏళ్లు నిండాయి. ఆ ఏడాది చివర వచ్చిన 'చరిత్రాత్మక తీర్పుల' జాబితాల్లో మొదటి తేదీకి పెద్దపీట దక్కింది. రెండో తేదీకి అందులో చోటు దొరికే వీలే లేదు. ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పే ఇవ్వలేదు కాబట్టి.

2024 సుప్రీంకోర్టుకు సామాజిక న్యాయ సంవత్సరమన్న మాట అప్పటినుంచీ వినపడుతూనే ఉంది. అలా అనేవాళ్ల చేతిలో ఆధారాలు తక్కువేమీ లేవు. ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్లు చెల్లవన్నారు. మార్చి 4న, లంచం తీసుకుని సభలో ఓటేసే సభ్యుడికి రాజ్యాంగ రక్షణ లేదన్నారు. అక్టోబర్ 3న, జైళ్లలో కులాన్ని చూసి పనులు పంచే నిబంధనల్ని కొట్టేశారు. నవంబర్ 13న, నోటీసు లేకుండా ఇళ్లమీదికి బుల్డోజర్ తోలడాన్ని ఆపమన్నారు. ఈ తీర్పుల్లో నేను కాదనేది ఒక్కటీ లేదు. వర్గీకరణ కోసం 1994లో ఈదుముడి నుంచి మొదలైన మాదిగ దండోరా ఉద్యమం న్యాయమైనదని నమ్మేవాణ్ని నేను. నాకున్న అభ్యంతరమల్లా ఆ ఏడాదిని కొలిచిన కొలత మీదే. కళ్లంలోకి చేరిన బస్తాలు లెక్కపెట్టి, ముంపులో పోయిన ఎకరాల ఊసెత్తకుండా, ఈ ఏడు పంట బ్రహ్మాండమని చెప్పే లెక్కను కృష్ణా పశ్చిమ డెల్టాలో ఏ రైతూ ఒప్పుకోడు. కోర్టు విషయంలో మాత్రం చదువుకున్నవాళ్లంతా అదే లెక్క ఒప్పుకుంటున్నారు. ఏం తేల్చారో రాసుకుంటున్నారు గానీ ఏం తేల్చకుండా పక్కన పెట్టారో ఎవరూ రాసుకోవడం లేదు.

తెనాలి దాటి బాపట్ల వైపు వెళ్లే మెయిన్ లైన్లో చుండూరు స్టేషన్ తగులుతుంది. 1991 జూలైలో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు మరొకరికి తగిలిందన్న గొడవ కొట్లాటగా మారి, చివరికి దళితవాడను వెలివేసేదాకా పోయింది. నెల తిరిగేసరికి, ఆగస్టు 6న, ఎనిమిది మంది దళితుల్ని పొలాల్లో తరిమి తరిమి చంపారు. ఊళ్లో పోలీసు పికెట్ ఉంది. పారిపొమ్మని పోలీసులే చెప్పారనీ, పారిపోయినవాళ్లు పొలాల్లో కాపుకాసినవాళ్లకు చిక్కారనీ బాధితులు మొదటినుంచీ చెబుతూ వచ్చారు. కొన్ని శవాలు గోనెసంచుల్లో, తుంగభద్ర మురుగుకాలువలో దొరికాయి. చనిపోయినవాళ్లను ఊరి నడిబొడ్డునే పూడ్చిపెట్టి, ఆ చోటుకు రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. బతికి బయటపడ్డవాళ్లు తెనాలి చేరి తలదాచుకున్నారు.

ఆ తర్వాత జరిగిన పోరాటాన్ని ఈ ప్రాంతం సగం మరిచిపోయింది, కాబట్టి కొంచెం వివరంగానే చెప్పాలి. నేరం జరిగిన చోటే కోర్టు పెట్టాలని బాధితులు పట్టుబట్టారు. దళిత నాయకులు కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్లు వాళ్ల వెంట నిలిచారు. గుంటూరుకో, ఇంకో దూరపు పట్నానికో వాయిదాలకు తిరగలేక సాక్షులు విరిగిపోతారన్నది వాళ్ల భయం. ఆ భయం నిజమేనని తెనాలి, బాపట్ల, రేపల్లె కోర్టు ఆవరణల్లో ఏ గుమాస్తాను అడిగినా చెబుతాడు. కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషికి వాయిదా పడిందని చెప్పడం ఎంత తేలికో, ఆ మనిషి మళ్లీ మళ్లీ రావడం అంత కష్టం. పంతం నెగ్గింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది. దేశంలో అలా నేరస్థలంలోనే ప్రత్యేక కోర్టు నడవడం అదే మొదలు. బి. చంద్రశేఖర్ ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా వాదించారు. 2007 జూలై 31న తీర్పు వచ్చింది: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది కఠిన శిక్ష, మిగిలిన 123 మంది నిర్దోషులు. నిందితుల్లో ఎక్కువమందిని వదిలేసిన తీర్పది. కక్షగట్టి అందరికీ శిక్ష వేసిన తీర్పని దాన్ని ఎవరూ అనలేరు. ఎవరిమీద సాక్ష్యం నిలిచిందో, ఎవరిమీద నిలవలేదో వేరుచేసి చూసిన తీర్పు.

2014 ఏప్రిల్ 22న హైకోర్టులో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి, జస్టిస్ ఎం.ఎస్.కె. జైస్వాల్‌ల ధర్మాసనం ఆ శిక్షలన్నీ కొట్టేసింది. హత్యలు ఏ సమయంలో జరిగాయో, కచ్చితంగా ఎక్కడ జరిగాయో, ఎవరు చేశారో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందన్నది ఆ తీర్పు సారాంశం. రాష్ట్రం రెండుగా విడిపోవడానికి అప్పటికి ఆరు వారాలు కూడా లేదు. ఎన్నికల గోల, విభజన గోల. ఆ రెంటి మధ్య ఈ తీర్పు వినిపించాల్సినంతగా వినిపించలేదు. దానిమీద అప్పీలు అదే ఏడాది సుప్రీంకోర్టుకు చేరింది. పదేళ్లు గడిచాయి. 'సామాజిక న్యాయ సంవత్సరం' ముగిసే రోజుకీ తుది తీర్పు లేదు.

'హైకోర్టు సాక్ష్యాన్ని తూచింది, సాక్ష్యం తేలిపోయింది, న్యాయస్థానం కన్నీళ్లను చూసి శిక్షలు వేయదు కదా' అంటారు. నిజమే, వేయకూడదు. అయితే వందలమంది కలిసి చేసిన దాడిలో సాక్ష్యాన్ని ఎలా తూచాలో సుప్రీంకోర్టే ఎప్పుడో చెప్పింది. 1964లో మసాల్తీ కేసులో, పెద్ద గుంపు దాడి చేసినప్పుడు ఎవరి చేతి దెబ్బ ఎవరికి తగిలిందో సాక్షి విడివిడిగా చెప్పలేకపోవడం సహజమేననీ, ఒకరికంటే ఎక్కువమంది సాక్షుల మాట పొంతన కుదిరితే దాన్ని నమ్మవచ్చుననీ న్యాయమూర్తులు దారి చూపారు. చట్టవిరుద్ధంగా గుమిగూడిన గుంపులో ఒకడై, ఆ గుంపు ఉద్దేశం తెలిసి పాల్గొన్నవాడు గుంపు చేసిన నేరానికంతా బాధ్యుడేనని పాత ఐపీసీలో 149వ సెక్షన్ పెట్టిందే ఇందుకు. ప్రాణభయంతో చేల గట్ల వెంట పరుగెత్తేవాడు గడియారం చూసుకోడు. శవాన్ని సంచిలో కట్టి కాలువలో వేసింది ఎప్పుడు, ఎక్కడ అన్నది తెలియకుండా చేయడానికే. ఆ తెలియనితనాన్నే సందేహంగా లెక్కగట్టి నిందితుడికి లాభంగా ఇస్తే, నేరాన్ని దాచిపెట్టిన పనికి చట్టం బహుమతి ఇచ్చినట్టవుతుంది. హైకోర్టు చెప్పింది తప్పని నా నమ్మకం. నా నమ్మకంతో పనిలేదు, తేల్చాల్సింది సుప్రీంకోర్టు. తప్పయితే తప్పని, ఒప్పయితే ఒప్పని చెప్పమనే అడుగుతున్నాను. పదేళ్లుగా చెప్పనిది అదే.

చెప్పకపోతే మునిగిందేముంది, ఒక పాత కేసే కదా అనుకునేవాళ్లు కోర్టులు ఎలా నడుస్తాయో మరిచిపోతున్నారు. హైకోర్టు తీర్పు కింది కోర్టులకు దారి. సుప్రీంకోర్టు దాన్ని మార్చేదాకా, రేపు బాపట్లలోనో రేపల్లెలోనో పల్లెమీద గుంపు పడి కొట్టిన కేసు విచారణకొస్తే, నిందితుల ప్లీడరు 2014 తీర్పును తెరిచి చూపించగలడు. సమయమెంత, చోటేది, కత్తి ఎవరిది అని కూలిపని చేసుకునే ఆడమనిషిని గంటలకొద్దీ నిలదీయగలడు. అలా నిలదీస్తారని తెలిసిన సాక్షి ముందే రాజీకి తలొగ్గుతుంది. పెద్దమనుషులు కూర్చోబెట్టి, ఇంత ఇప్పిస్తాం, కేసు వదిలేయమంటే వదిలేస్తుంది. అత్యాచారాల చట్టం కింద పెట్టిన కేసులు ఎందుకు వీగిపోతాయని అడిగేవాళ్లకు జవాబు సగం ఇక్కడుంది. ఢిల్లీలో ఒక అప్పీలు కదలకపోవడమూ, రేపల్లె సాక్షి మాట మార్చడమూ ఒకే గొలుసులోవి.

ఇది మన ఒక్క ఊరి సంగతీ కాదు. బిహార్‌లో 1996లో బథానీ టోలాలో 21 మందిని చంపిన కేసులో 2012లో పట్నా హైకోర్టు శిక్షలు కొట్టేసింది. 1997లో లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మందిని చంపిన కేసులో 2013లో అదే హైకోర్టు అదే పని చేసింది. 2014లో చుండూరు. మూడేళ్లలో మూడు మారణకాండలు, మూడుసార్లూ కింది కోర్టు వేసిన శిక్షలు హైకోర్టులో ఆవిరయ్యాయి. అంతకు ముందు 1968లో కీళ్‌వెణ్మణిలో 44 మంది మంటల్లో పోయిన కేసూ 1973లో మద్రాసు హైకోర్టులో ఇలాగే తేలింది. కులం పేరిట ఊరు ఊరంతా దాడి చేసిన నేరాల్లో ఏ సాక్ష్యం చాలు, ఏది చాలదు అన్నది దేశం మొత్తం మీద స్పష్టంగా తేల్చాల్సిన న్యాయ ప్రశ్న. రాజ్యాంగ ధర్మాసనాల ముందుకొచ్చే పారిశ్రామిక ఆల్కహాల్ మీద అధికారం ఎవరిదన్న ప్రశ్న కంటే ఇది చిన్నదని ఎవరు చెప్పగలరు? 2024 అక్టోబర్‌లో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఆ ఆల్కహాల్ ప్రశ్నను తేల్చారు. తేల్చాల్సిందే. కానీ తొమ్మిది మందికి దానికి తీరిక దొరికినప్పుడు, ఇద్దరు ముగ్గురికి చుండూరుకు ఎందుకు దొరకలేదు?

పనిభారం అంటారు. 2024 చివరికి సుప్రీంకోర్టులో 80 వేలకు పైగా కేసులు పెండింగులో ఉన్నాయి, ఆ మాట నిజం. అయినా ఈ వాదన నిలవదు. అప్పీలులో సాక్షులు మళ్లీ బోనెక్కనక్కర్లేదు. వాంగ్మూలాలు, పోస్టుమార్టం రిపోర్టులు, రెండు కోర్టుల తీర్పులు అన్నీ ఎప్పుడో రికార్డులో చేరాయి. కావలసింది వినే రోజులు. ఆ రోజుల్ని కేటాయించేది ప్రధాన న్యాయమూర్తి. ఏ కేసు ఏ బెంచికి, ఎప్పుడు వెళ్లాలన్న ఆ అధికారం మీదే 2018 జనవరి 12న నలుగురు సీనియర్ న్యాయమూర్తులు పత్రికల ముందుకొచ్చి మాట్లాడారు. ఆ నలుగురిలో పెద్ద, కృష్ణా జిల్లా మనిషి జస్టిస్ జాస్తి చలమేశ్వర్. ఆ ఏడాదే సుప్రీంకోర్టు, రోస్టర్‌కు ప్రధాన న్యాయమూర్తే యజమాని అని తీర్పు చెప్పింది. సరే, యజమాని ఉన్నప్పుడు జవాబుదారీ కూడా ఉంటుంది. పనిభారమనేది వాన లాగా అందరిమీదా సమంగా పడదు, ఎవరి కేసు ముందు, ఎవరి కేసు వెనక అని ఒకరు నిర్ణయిస్తారు.

కావాలనుకున్నప్పుడు కోర్టు ఎంత వేగంగా కదులుతుందో అదే ఏడాది చూశాం. బిల్కిస్ బానో కేసులో దోషుల్ని 2022 ఆగస్టు 15న వదిలితే, 2024 జనవరి 8న ఆ విడుదల చెల్లదని చెప్పి మళ్లీ జైలుకు పంపింది. కోల్‌కతా ఆర్.జి. కర్ ఆస్పత్రిలో వైద్యురాలిని 2024 ఆగస్టు 9న చంపితే, కోర్టు తనంతట తానే పట్టించుకుని ఆగస్టు 20న విచారణకు కూర్చుంది. పదకొండు రోజులు. ఆ రెండూ చేయాల్సినవే, చేసినందుకు గౌరవించాల్సినవే. ఎవరి వేగాన్నీ తగ్గించమని నేను అడగడం లేదు. పదకొండు రోజులూ సాధ్యమే, పదేళ్లూ సాధ్యమే అయినప్పుడు, తేడా ఎక్కడుందో కోర్టు చెప్పాలంటున్నాను. తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి. రమణ 2021 ఏప్రిల్ నుంచి పదహారు నెలలు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు. చుండూరు ముప్పయ్యో వర్ధంతి ఆ నెలల్లోనే వచ్చి వెళ్లింది. అప్పీలు ఉన్నచోటే ఉండిపోయింది.

ఆలస్యమైనా న్యాయం జరిగే తీరుతుందనేవాళ్లకు కారంచేడును చూపించాలి. 2022లో జిల్లాలు మార్చినప్పుడు కారంచేడూ, చుండూరూ రెండూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. ఒకే కలెక్టరు కింద రెండు మారణకాండలు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆ నెత్తుటి నుంచే దళిత మహాసభ పుట్టింది. కింది కోర్టు వేసిన శిక్షల్ని హైకోర్టు 1998లో కొట్టేస్తే, సుప్రీంకోర్టు 2008 డిసెంబర్ 19న ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ల శిక్ష వేసింది. నేరానికీ చివరి తీర్పుకీ మధ్య 23 ఏళ్లు. ఆ మధ్యలో, 1989లో, కేసులో ప్రధాన నిందితుడైన వ్యక్తిని నక్సలైట్లు చంపేశారు. కోర్టు ఖాళీగా వదిలిన చోటును తుపాకీ నింపింది. అది న్యాయమని నేను అనను, ఎన్నటికీ అనను. ఆ ఖాళీని అంతకాలం వదిలిపెట్టిన వ్యవస్థ చేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయని కూడా అనలేను. 2008 అనగానే న్యాయశాస్త్రం చదివినవాళ్లకు గుర్తొచ్చేది ఏప్రిల్ 10న ఓబీసీలకు 27 శాతం సీట్లను నిలబెట్టిన అశోక్ కుమార్ ఠాకూర్ తీర్పు. కారంచేడు తీర్పు వచ్చింది ఆ ఏడాదేనని ఎంతమందికి తెలుసు? తీర్పు వచ్చినప్పుడే గుర్తులేనివాళ్లకు, రాని తీర్పు గుర్తుంటుందని ఎలా ఆశిస్తాం?

అయినా ఆ తీర్పు వచ్చింది. హైకోర్టు వదిలేసినవాళ్లను సుప్రీంకోర్టు దోషులని చెప్పగలదని అది రుజువు. అందుకే చుండూరు బాధితులు ఢిల్లీ వైపు చూడటంలో అమాయకత్వమేమీ లేదు. కాలం మాత్రం రోజూ నిందితుల పక్షాన తీర్పు రాస్తోంది. అప్పీలు తేలేలోపు చనిపోయిన నిందితుడిమీద కేసు ముగిసిపోతుంది. చనిపోయిన ఆ ఎనిమిది మంది భార్యలు, తల్లులు, పిల్లలు ముసలివాళ్లయ్యారు, కొందరు పోయారు. బొజ్జా తారకం 2016లో పోయారు. నిందితుల్లో నిజంగా ఏ పాపం తెలియనివాళ్లుంటే వాళ్లకూ ఇది శిక్షే. ఇంటిమీద హంతకుడన్న అనుమానం వేలాడుతుండగా ముసలివాళ్లవడం ఏ చట్టమూ వేయమనని శిక్ష.

వర్గీకరణ తీర్పునే చూద్దాం, ఎందుకంటే నాతో వాదించేవాళ్లు చివరికి అక్కడికే వస్తారు: కేసొకటి ఆగితే ఆగింది, లక్షలమందికి మేలు చేసే తీర్పు వచ్చింది కదా అంటారు. ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టాన్ని 2004 నవంబర్ 5న ఇ.వి. చిన్నయ్య కేసులో కొట్టేసింది ఇదే సుప్రీంకోర్టు. ఆ తప్పును దిద్దుకోవడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. 2004లో పదో తరగతి చదివిన మాదిగ పిల్లవాడు 2024కి నడివయసుకు చేరువయ్యాడు. వచ్చిన తీర్పుకు చప్పట్లు కొట్టేటప్పుడు, పోయిన తరాన్ని ఎవరి ఖాతాలో రాయాలి? ఇంకొక మాట. కారంచేడులో చనిపోయింది మాదిగలు. చుండూరులో చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మాలలు. వాటాల మీద రెండు కులాలూ వాదించుకోవచ్చు, అది వాళ్ల హక్కు. కానీ నరికేవాళ్లు ఉపకులం అడగలేదు. రిజర్వేషన్లో ఎవరి వాటా ఎంతో రాష్ట్రాలు తేల్చుకోవచ్చని ఏడుగురు కూర్చుని చెప్పిన కోర్టు, ఈ రెండు కులాల మీదా పడిన కత్తి గురించి కూడా చెప్పాల్సింది చెప్పినప్పుడే ఆ ఏడాదిని సామాజిక న్యాయ సంవత్సరమని పిలవడానికి అర్హత వస్తుంది.

మన వైపు వినిపించే మాట మరొకటుంది. ఊళ్లు కలిసిపోయాయి, పిల్లలు కలిసి చదువుకుంటున్నారు, పాత గాయం ఎందుకు రేపడం అంటారు. ఈ మాట అనేవాళ్లలో మంచివాళ్లూ ఉన్నారు, అందుకే బాధ. గాయం మానిందో లేదో గాయపడినవాడు చెప్పాలి. రక్తక్షేత్రానికి ఏటా వచ్చేవాళ్లు మానిందని చెప్పడం లేదు. తెనాలి తన హేతువాద వారసత్వం గురించి గర్వంగా చెప్పుకుంటుంది. బారిష్టరు చదివి, ఈ ఊరి మునిసిపాలిటీకి ఛైర్మన్‌గా పనిచేసిన త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబూకవధ' రాశారు. రాజు చేసిన వధ న్యాయమా అని పురాణాన్నే బోనులో నిలబెట్టిన మనిషి ఆయన. ఆ ఊరి పక్కనే చుండూరు ఉంది. పురాణంలోని శంబూకుడి కోసం గొంతెత్తిన వారసత్వం మనదని చెప్పుకుంటే, కళ్లముందు పోయిన ఎనిమిది మంది అప్పీలు ఏమైందని అడగడం అందులో భాగమే.

అడగాల్సిన మొదటి బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది. నేరాన్ని నిరూపించాల్సిన పక్షం అదే. 2014 నుంచి తెలుగుదేశం ఏలింది, 2019 నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ ఏలింది, 2024లో కూటమి వచ్చింది. అందరూ అంబేడ్కర్ విగ్రహాలకు దండలు వేశారు. ఈ అప్పీలును త్వరగా వినమని దరఖాస్తు పెట్టడానికి, దానికోసం మంచి సీనియర్ న్యాయవాదిని నిలబెట్టడానికి కేబినెట్ తీర్మానం కూడా అక్కర్లేదు, న్యాయశాఖ ఒక ఫైలు కదిపితే చాలు. తెనాలి, బాపట్ల, రేపల్లె బార్ అసోసియేషన్లు ఒక్కో తీర్మానం చేసి సుప్రీంకోర్టు రిజిస్ట్రార్‌కు పంపవచ్చు. ఎమ్మెల్యేలు, ఎంపీలు సభల్లో అడగవచ్చు. సుప్రీంకోర్టు విషయానికొస్తే, చుండూరు, బథానీ టోలా, లక్ష్మణ్‌పూర్ బాథే అప్పీళ్లలో తేలనివాటన్నిటినీ ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ముందు ఒకచోట చేర్చి, వరసగా రోజులు కేటాయించి, వాయిదాలు లేకుండా విని, గుంపుగా చేసిన కులహత్యల్లో సాక్ష్యాన్ని ఎలా చూడాలో చెప్పాలి. మళ్లీ ఏడాది చివర జాబితాలు రాసే విలేకరులు, న్యాయవాదులు తీర్పుల పక్కనే ఇంకో వరస రాయాలి: ఏ కేసు, ఏ ఏడాది వచ్చింది, ఎన్నిసార్లు జాబితాలోకి ఎక్కి వినకుండానే దిగింది, దాన్ని ఏ ప్రధాన న్యాయమూర్తి హయాం ఎవరికి అప్పజెప్పి వెళ్లింది.